సీటు తర్వాత నాలుగేళ్లు

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతిలో గోదావరిఖనిలో ఇచ్చిన ధర్మనిధి ఉపన్యాసం)



దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని తలచుకునే సభలో నర్సింగ్ చదువు గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు ఎంతో సంతోషించాను. నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పడం నా వృత్తి. పెరిగింది బొగ్గుబాయి కార్మికుల ఇళ్ల మధ్య. ఈ రెండూ కలిసే చోట నిలబడి నాలుగు మాటలు చెబుతాను.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో వలంటీరుగా ఉండి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపిన బాలికగా ఆమె అందరికీ గుర్తు. రాజ్యాంగ సభ సభ్యురాలిగా, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలిగా కూడా గుర్తు. ఈ సాయంత్రం ఆమె జీవితంలోంచి మరో రెండు సంగతులు మీ ముందు పెడతాను.

మొదటిది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చాక ఆమె మళ్లీ పుస్తకాలు పట్టారు. ప్రైవేటుగా చదివి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష గట్టెక్కారు. ఆ తర్వాత మద్రాసు మైలాపూర్‌లో, బడి మధ్యలో మానేసిన ఆడపిల్లల్ని పోగుచేసి అదే పరీక్షకు తయారు చేశారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభకు మూలం ఆ పాఠాలే. ఆ సంస్థే తర్వాతి కాలంలో ఆసుపత్రుల దాకా, నర్సుల శిక్షణ దాకా విస్తరించింది.

రెండోది. ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి కుదరదన్నారు. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. దుర్గాబాయి గారు వెనక్కి తిరగలేదు. చదువుకోవాలన్న కోరిక ఉన్న మరికొందరు అమ్మాయిల్ని పత్రికా ప్రకటన ద్వారా కూడగట్టి, ఉండటానికి చోటు చూసుకొని, సీటు సాధించారు.

పరీక్షకు తయారు చేయడం ఒక పని. చేరినవాళ్లు చివరిదాకా నిలబడేలా చూడడం మరో పని. ఆమె రెండూ చేశారు. మన బొగ్గు ప్రాంతం మొదటి పని కొంత నేర్చుకుంది, కోచింగులు పెట్టింది, ర్యాంకుల ఫ్లెక్సీలు కడుతోంది. రెండో పని మీద మాత్రం ఇంకా చెయ్యి వేయలేదు. సీటు ఆ పిల్ల కష్టంతో వస్తుంది. ఆ తర్వాతి నాలుగేళ్ల బాధ్యత ఇంటికీ, ఊరికీ, ఆసుపత్రికీ కూడా ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఆరు మెట్లలో చెబుతాను.

1. వారసత్వంగా రాని కొలువు

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టారు. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో రిజిస్టరైంది. 1960ల నుంచి గోదావరి ఒడ్డున ఇక్కడ బాయిలు తెరుచుకున్నాయి. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచే కాక కోస్తా నుంచి, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కూడా కుటుంబాలు వచ్చి ఖనిని పట్టణం చేశాయి. ఇక్కడ ఇంటికి భరోసా అంటే ఒక మస్టర్, అంటే గని హాజరు పట్టీలో ఒక పేరు. నాయిన దిగిపోతే కొడుకు ఎక్కడం, కాలో చెయ్యో పోయి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఇంట్లో ఒకరికి ఉద్యోగం రావడం. మూడు తరాలు ఈ లెక్క మీదే బతికాయి.

ఆ లెక్క మారింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటి కార్మికులుండేవారు. ఇప్పుడా సంఖ్య 40 వేల చుట్టుపక్కలకు దిగింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. వందల మంది చేసే పనిని షావెళ్లు, డంపర్లు చేస్తున్నాయి. 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాలను 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత వైద్య కారణాలతో ఇచ్చే కారుణ్య నియామకాలు మిగిలాయి. పక్కనే రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతబడి ఇరవై ఏళ్ల పైచిలుకు నిలిచిపోవడం, 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టడం రామగుండం వాళ్లం కళ్లారా చూశాం. గేటు మీద ఆధారపడిన బతుకు ఎంత గట్టిదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ లెక్కలో ఆడపిల్ల ఎక్కడుంది? 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ పనులకు సడలింపు ఇచ్చేదాకా అదే నియమం. నాయిన ఉద్యోగం తమ్ముడికి పోతుంది, కట్నం అక్కకు పోతుంది అన్నట్టుగా ఇళ్లల్లో పంపకాలు జరిగాయి. ఇలాంటి చోట నర్సింగ్ డిగ్రీ అనేది ఎవరూ రాసివ్వనక్కర్లేని, ఎవరూ తీసుకోలేని జీవనాధారం. అది పట్టాతో, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌తో ఆమె పేరు మీదే ఉంటుంది. గని మూతపడినా, మొగుడికి బదిలీ అయినా, కాపురం ఏ ఊరికి మారినా ఆమెతోనే వస్తుంది.

2. మొదటి వరసలో రాయవలసిన పేరు

తల్లిదండ్రులు దయచేసి ఈ మాట మనసు పెట్టి వినండి. ‘మా బిడ్డకు నీట్‌ల రాలే, అందుకే నర్సింగ్‌ల ఏసినం’ అంటుంటారు. ఆ మాట ఆ పిల్ల వింటుంది. నాలుగేళ్లూ తను ఓడిపోయి ఇక్కడికి వచ్చాననుకుంటూ చదువుతుంది. అలా చదివినవాళ్లకు వార్డులో చెయ్యి వణుకుతుంది, గొంతు పెగలదు.

నర్సింగ్ వైద్యుడి చదువులో మిగిలిపోయిన ముక్క కాదు. దాని జ్ఞానం దానిది. మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ మొదలైంది. ఆ డిగ్రీతో రోగికి ఏం ఒరుగుతుందని అడిగేవారికి ఒక అధ్యయనం చెబుతాను. 2014లో లాన్సెట్ వైద్యపత్రికలో లిండా ఐకెన్ బృందం ప్రచురించింది. 9 యూరప్ దేశాల్లో 300 ఆసుపత్రులు, శస్త్రచికిత్స చేయించుకున్న 4 లక్షల మందికి పైగా రోగులు. నర్సు చూసుకోవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, 30 రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. నర్సుల్లో డిగ్రీ చదివినవారి వాటా 10 శాతం పెరిగితే ఆ అవకాశం 7 శాతం తగ్గింది. సర్జన్ కత్తి దించేశాక రోగి బతుకు ఎవరి చేతుల్లో ఉందో ఈ అంకెలు చెబుతాయి.

ఇక దరఖాస్తు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమాల ప్రకారం వీటిలో కలిపి జనరల్ అభ్యర్థులకు కనీసం 45 శాతం మార్కులు, వయసు 17 నిండడం అవసరం. మన రాష్ట్రంలో ప్రవేశాలు చూసేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఇటీవలి ఏళ్లలో కన్వీనర్ సీట్లకు ఎంసెట్, అంటే ఇప్పటి ఎప్‌సెట్ ర్యాంకు చూస్తున్నారు. 3 గంటలు, 160 ప్రశ్నలు. బయాలజీ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నియమాలు ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మొత్తం చదవాలి, పక్కింటివాళ్లు చెప్పింది విని ఊరుకోకూడదు.

సింగరేణి పిల్లలకు ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. నాన్నకు బదిలీ అయినప్పుడల్లా బడి మారుతుంది: ఐదోది మణుగూరులో, ఎనిమిదోది భూపాలపల్లిలో, పదోది యైటింక్లైన్ కాలనీలో. స్థానికత నిరూపించే స్టడీ సర్టిఫికెట్లు మూడు ఊళ్ల నుంచి తేవాలి. ర్యాంకు వచ్చాక పరుగెత్తితే వెరిఫికేషన్ తేదీ దాటిపోతుంది. కులం, ఆదాయం ధ్రువపత్రాలతో పాటు ఇవన్నీ ఇంటర్ రెండో ఏడాది సంక్రాంతి సెలవుల్లోనే తెచ్చిపెట్టుకోండి.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు భవనం ఫొటో చూసి కళాశాలను ఎంచుకోకండి. మూడు ప్రశ్నలు వేయండి. కౌన్సిల్ గుర్తింపు ఆ ఏడాదికి ఉందా? కనీసం 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలన్నది నియమం. ఆ పడకల మీద నిజంగా రోగులు ఉన్నారా? హాస్టల్ నుంచి వార్డుకు రాత్రిపూట అమ్మాయి ఎలా వెళ్తుంది? మూడింటికీ సూటిగా జవాబు చెప్పే కళాశాల దూరమైనా పంపండి.

రాష్ట్రం బయట కూడా దారులున్నాయి. ఎయిమ్స్‌లో బీఎస్సీ నర్సింగ్‌కు దాని ప్రవేశ పరీక్ష ఉంది. సైనిక వైద్య సేవల నర్సింగ్ కళాశాలల్లో అమ్మాయిలకు 220 సీట్లున్నాయి, అక్కడ నీట్ స్కోరు చూస్తారు. చదువు పూర్తయ్యాక మిలిటరీ నర్సింగ్ సర్వీసులో అధికారి హోదా. నీట్ రాసిన అమ్మాయికి ఎంబీబీఎస్ ఒక్కటే గమ్యమని ఎవరన్నా ఈ దారి గుర్తుచేయండి.

3. నాలుగేళ్లలో జరిగేది

2021 నుంచి అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం ఇది 8 సెమిస్టర్ల కోర్సు. మొదటి సెమిస్టర్‌లోనే శరీర నిర్మాణం, శరీరధర్మం, మనస్తత్వం, సమాజశాస్త్రం, ఇంగ్లిష్, నర్సింగ్ మూలసూత్రాలు. తర్వాత జీవరసాయనం, పోషణ, సూక్ష్మజీవులు, మందుల శాస్త్రం, పెద్దల వ్యాధులు, పిల్లల సంరక్షణ, మానసిక ఆరోగ్యం, సమాజ ఆరోగ్యం, ప్రసూతి. ఎనిమిదో సెమిస్టర్ పూర్తిగా ఇంటర్న్‌షిప్. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి. క్లినికల్ డ్యూటీల్లో మాత్రం ఒక్క గంట తగ్గినా పూడ్చాలి, నూరు శాతం పూర్తయితేనే డిగ్రీ. పెళ్లిళ్లకని, జాతరలకని పిల్లను వారం రోజులు పిలిపించుకునే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఎంత సూక్ష్మమైన చదువో ఒక్క ఉదాహరణ చెబుతాను. లీటరు సెలైన్ 8 గంటల్లో ఎక్కించాలని డాక్టర్ రాశారు. వార్డులో ఉన్న సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు. 1000ని 20తో గుణించి, 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు. పక్క మంచం మీద గుండె బలహీనంగా ఉన్న పెద్దాయనకు అదే వేగం పెడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న అమ్మాయి ఇక్కడ లెక్క తప్పకూడదు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం: ఈ ఐదూ ప్రతి ఇంజెక్షన్‌కు ముందు మనసులో చెప్పుకోవడం నాలుగేళ్లలో ఊపిరి పీల్చినంత సహజం కావాలి.

రోగి పరిస్థితి దిగజారే ముందు శరీరం సంకేతాలు ఇస్తుంది. పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 ఉండే శ్వాస 26కో 28కో చేరుతుంది. చాలాసార్లు రక్తపోటు పడిపోవడానికి ముందే ఇది మొదలవుతుంది. పూర్తి నిమిషం నిలబడి శ్వాస లెక్కపెట్టిన నర్సుకే అది తెలుస్తుంది. మీలో టింబర్‌మన్లుగా చేసిన పెద్దలున్నారు. బాయిలో కర్రతో పైకప్పును తట్టి, మోగిన చప్పుడును బట్టి రాయి వదులైందో లేదో చెప్పే చెవి మీది. మంచం పక్కన నర్సుకు కావలసింది ఆ చెవే. అది పుస్తకంలో దొరకదు. అనుభవమున్న సీనియర్ పక్కన వందల గంటలు నిలబడితేనే వస్తుంది.

అందుకే మంచి ఆసుపత్రి లేని కళాశాల నర్సును తయారు చేయలేదు. అలాగే విద్యార్థినిని స్టాఫ్ కొరత పూడ్చే ఉచిత కూలీగా వాడుకునే ఆసుపత్రి కూడా నర్సును తయారు చేయలేదు. చీటీలు మోయడం, ఫోన్లు ఎత్తడంతో డ్యూటీ గడిస్తే ఆ గంటలు హాజరు పట్టీలో ఉంటాయి, చేతిలోకి రావు.

4. పరీక్షకు ఇంగ్లిష్, మంచం పక్కన తెలుగు

మొదటి సెమిస్టర్‌లో మా దగ్గర కన్నీళ్లు పెట్టుకునే అమ్మాయిల్లో ఎక్కువమంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. బడిలో ముందుండినవాళ్లే. శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకం తెరవగానే పేజీ నిండా అర్థం కాని పదాలు. ‘నాకు రాదు’ అనుకొని కొందరు ఇంటికి ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ అందుకున్న అమ్మ ‘వచ్చెయ్ బిడ్డా’ అంటే ఒక సీటు, ఒక జీవితం అక్కడితో ఆగిపోతాయి. ‘ఈ ఆరు నెలలు గడవనియ్ బిడ్డా’ అంటే నిలబడుతుంది. ఇది ప్రతి బ్యాచ్‌లో కనిపించేదే.

ఈ అడ్డంకి మొదటి ఏడాది దాటితే తగ్గిపోతుంది, ఎందుకంటే అవే పదాలు రోజూ వార్డులో కళ్లెదుట కనిపిస్తాయి. రోజుకు పది పదాలు పలకడం, రాయడం, మంచం దగ్గర వాటిని గుర్తుపట్టడం. నలుగురు కలిసి చదవడం. సీనియర్ నోట్సు అడగడానికి మొహమాటపడకపోవడం. ఇంతకు మించిన మంత్రం ఏదీ నా దగ్గర లేదు.

ఇక్కడే మన పిల్లల అసలు బలం ఉంది. మా చిన్నప్పుడు ఆసుపత్రి సిస్టర్ అంటే కేరళ నుంచి వచ్చినావిడే. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి, మన భాష నేర్చుకొని, మన పురుళ్లు పోసి, మన గాయాలు కట్టిన ఆ తల్లులకు ఈ ప్రాంతం రుణపడి ఉంది. ఇప్పుడు మన బిడ్డలు అదే పనికి సిద్ధమవుతున్నారు. మంథని దిక్కు నుంచి వచ్చిన అవ్వ ‘గుండెల దడదడ అయితుంది బిడ్డా, కడుపుల తిప్పుతుంది’ అంటే, అది అజీర్ణమా, గుండె పోటా అని మరో రెండు ప్రశ్నలు వేయగలిగేది ఆ యాస పుట్టుకతో తెలిసినది. బొగ్గు మీది మట్టి తీసే ఓబీ కంపెనీల్లో, విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు పని చేసే బిహార్, జార్ఖండ్ కార్మికులతో మాట్లాడాలంటే హిందీ కావాలి. ఖని బజారులో పెరిగిన పిల్లలకు అదీ వస్తుంది. కాబట్టి విద్యార్థినులకు నా సలహా: ఇంగ్లిష్ పట్టుదలగా నేర్చుకోండి, మీ యాసను దాచుకోకండి. రోగి నిజం చెప్పేది ఆ యాసలోనే.

5. ఈ ప్రాంతం నేర్పేది

బొగ్గు ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో పేరుకొని న్యుమోకోనియోసిస్ వస్తుంది. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు. ముందుగా పసిగట్టి ధూళికి దూరం చేయడమే మార్గం. అందుకే కార్మికులకు పీఎంఈ, అంటే నిర్ణీత కాలానికోసారి చేసే వైద్య పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. అయితే పీఎంఈ పర్మినెంట్ కార్మికుడికి జరిగినంత క్రమంగా కాంట్రాక్టు కార్మికుడికి జరగాలంటే వెంటపడి అడిగేవాళ్లు కావాలి. బస్తీలో ఇల్లిల్లూ తిరిగే సమాజ ఆరోగ్య నర్సు ఆ పని చేయగలదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఓపెన్‌కాస్టులో పనిచేసేవాళ్ల వడదెబ్బ, షిఫ్టు మార్పులతో పెరిగే బీపీ, షుగర్, మద్యం తెచ్చే కాలేయ జబ్బులు, ఇవన్నీ నర్సింగ్ విద్యార్థినికి ఈ వీధుల్లోనే దొరికే పాఠాలు.

2003 జూన్ 16న ఇక్కడి 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల ఇళ్లల్లో కొన్ని ఈ సభకు నడిచొచ్చే దూరంలోనే ఉన్నాయి. అలాంటి రోజు ఈ ఊరికి రెస్క్యూ దళం ఎంత అవసరమో, షాక్‌లో ఉన్న కుటుంబాన్ని పట్టుకొని కూర్చోగల నర్సూ అంతే అవసరం. సర్దార్, ఓవర్‌మన్ పరీక్షలకు ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తప్పనిసరి చేసిన పరిశ్రమ ఇది. గాయపడిన మనిషి విలువ మనకు తెలుసు. ఆ తెలివి నర్సింగ్ చదువుకు పెట్టుబడి.

2022–23 విద్యా సంవత్సరంలో రామగుండంలో 150 ఎంబీబీఎస్ సీట్లతో వైద్య కళాశాల మొదలైంది. దాని నిర్మాణానికి సింగరేణి 500 కోట్ల రూపాయలు ఇచ్చింది. సింగరేణి ఉద్యోగుల పిల్లలకు అందులో 5 శాతం కోటా కూడా వచ్చింది. ఇది మంచి పని, ఈ ప్రాంతం హక్కుగా సంపాదించుకున్న పని. అదే శ్రద్ధ నర్సింగ్ విద్యార్థినుల మీద కూడా పెట్టాలని ఈ వేదిక నుంచి అడుగుతున్నాను. డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి వెళ్తారు. 24 గంటలూ మంచం దగ్గర ఉండేది నర్సే.

6. షిఫ్టు తెలిసిన ఊరు చేయవలసింది

పెళ్లి సంబంధాల దగ్గర ఒక మాట వస్తుంది: ‘అమ్మాయికి నైట్ డ్యూటీలుంటయట కదా’. వేరే ఊళ్లో ఎవరన్నా అంటే తెలియక అన్నారనుకుంటాను. ఖనిలో అనకూడదు. ఇది సైరన్ మోతతో లేచే ఊరు. నైట్ షిఫ్టు చేసి తెల్లారి వచ్చిన మనిషికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండి నిద్ర ఇవ్వాలని ప్రతి చిన్నపిల్లకూ తెలుసు. ఇంట్లో మగవాడి నైట్ షిఫ్టును గౌరవించిన మనం ఆడపిల్ల నైట్ డ్యూటీని అనుమానంగా చూస్తే మన బతుకును మనమే కించపరుచుకున్నట్టు. పగలు నిద్రపోతున్న నర్సు కోడలికి కూడా తలుపు దగ్గరగా వేసి, టీవీ సౌండ్ తగ్గించండి. షిఫ్టు జీవితానికి దేశంలో ఏ ఊరూ ఇంత అలవాటుపడి ఉండదని నా నమ్మకం. నర్సులకు ఇంతకంటే అనువైన ఊరు ఉండకూడదు.

జీతాల సంగతీ నిజంగా చెప్పాలి. ప్రభుత్వ కొలువుల దారి ఉంది: 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో ఒక్కరోజే 6,956 మంది నర్సింగ్ ఆఫీసర్లు నియామక పత్రాలు అందుకున్నారు. విదేశాలకు వెళ్లాలనుకునేవారికి ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ఏజెంట్ల చేతిలో లక్షలు పోయకండి. ప్రైవేటు ఆసుపత్రుల్లో మాత్రం చాలామంది నర్సులకు న్యాయమైన జీతం అందడం లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నెలకు కనీసం 20 వేలు, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. దాన్ని అమలు చేయించడం ఇంకా మిగిలే ఉంది. వేజ్‌బోర్డుల కోసం సమ్మెలు చేసిన ఊరు ఇది. నర్సుల జీతాల డిమాండ్ కార్మిక సంఘాల పత్రాల్లోకి ఎక్కాలి.

ఇక ఈ ఏడాదే చేయగలిగిన పనులు నాలుగు చెబుతాను.

ఒకటి, ఎప్‌సెట్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి చివరి విడత కౌన్సెలింగ్ దాకా ప్రధాన చౌరస్తాలో ఒక సహాయ కేంద్రం. సంఘాల ఆఫీసుల్లో గదులున్నాయి, కంప్యూటర్ తెలిసిన డిగ్రీ పిల్లలున్నారు. సర్టిఫికెట్లు సరిచూసి, వెబ్ ఆప్షన్లు పెట్టించి, ఈ-పాస్ స్కాలర్‌షిప్ దరఖాస్తు చేయించి పంపాలి.

రెండు, సీటు వచ్చాక తరగతులు మొదలయ్యేలోపు ఒక నెల ఉచిత తయారీ: శరీర భాగాల ఇంగ్లిష్ పేర్లు, మందు మోతాదుల లెక్కలు, సెమిస్టర్ పద్ధతి. రిటైరైన సిస్టర్లు, జూనియర్ కళాశాల అధ్యాపకులు ఈ హాల్లోనే ఉన్నారు. సాయంత్రం రెండు గంటలు ఇవ్వండి.

మూడు, హాస్టల్, బస్సు. యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీల నుంచి వచ్చే పిల్లలకు ఆసుపత్రి డ్యూటీ వేళలకు సరిపడే బస్సు కావాలి. కార్మికుల్ని షిఫ్టు వేళకు చేర్చే ఏర్పాటు కంపెనీకి కొత్త కాదు. విద్యార్థినులకూ చేయమని అడుగుదాం.

నాలుగు, ప్రతి మొదటి ఏడాది విద్యార్థినికి ఒక సీనియర్ సిస్టర్ తోడు. నెలకోసారి ఫోన్ చేసి ‘ఎలా ఉన్నావు, ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది, వార్డులో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా’ అని అడిగే మనిషి. చదువు మానేయాలనుకునే పిల్లను ఆపేది చాలాసార్లు ఆ ఒక్క ఫోనే.

విద్యార్థినులారా, మీలో ఈ ఏడాది అనుకున్న ర్యాంకు రానివారు ఉండవచ్చు. మళ్లీ రాయండి, లేదా మూడేళ్ల జీఎన్‌ఎం చేసి పోస్ట్ బేసిక్ బీఎస్సీ ద్వారా డిగ్రీకి రండి. ఆ దారిలో వచ్చి మంచి అధ్యాపకులైనవారు చాలామంది ఉన్నారు. ర్యాంకు వచ్చినవారు ఆప్షన్ల మొదటి వరసలో నర్సింగ్ అని ధైర్యంగా రాయండి. వార్డులో అడుగుపెట్టిన రోజు నుంచి అనుమానం వచ్చినప్పుడల్లా ప్రశ్న అడగండి. రోగి ప్రాణం విషయంలో తెలియనిది అడగడం తప్పు కాదు, అడగకుండా చేయడం తప్పు.

పెద్దలారా, ఇప్పుడు చెప్పిన నాలుగు పనుల్లో దేనికి ఎవరు ముందుకొస్తారో ఈ సభ ముగిసేలోపు నిర్వాహకుల దగ్గర పేరు రాయించండి. నెల రోజుల తయారీ తరగతుల్లో మందు మోతాదుల లెక్కలు నేను చెబుతాను. నా పేరు మొదట రాసుకోండి.